పొడి రాయి

నల్గొండ చెరువుల్లో గాలం వేసే అలవాటు నాది. సముద్రం కొత్త. చీకటి పడ్డాక రుషికొండ రాళ్ల మీద నీళ్లకు దగ్గరగా నిలబడి గాలం విసిరాను.

నాకన్నా కింద ఎవరో ఉన్నారు. బీడీ వెలుగులో ముసలి ముఖం కనిపించింది.

"ఆ రాయి తడిగుంది సూడు బాబూ. తడున్నంత మేరా కెరటం వత్తాది. పొడి రాయి మీదకెల్లు. సముద్రానికి వీపు సూపకు."

పైకెక్కాను. పేరు అడిగితే అప్పలసూరి అన్నాడు, చోడవరం పక్క రైతట.

"మరి మీరు తడి రాయి మీదే ఉన్నారు కదా తాతా?"

"నాకేటి బాబూ ఇంక," అని నవ్వాడు.

అంతలో కెరటం లేచింది. ఇందాక నేను నిలబడ్డ రాయినీ, అక్కడే వదిలేసిన నా సంచీనీ, ఆయన్నీ ముంచేసింది.

"తాతా!"

రాళ్ల సందుల్లోంచి నీళ్లు చాలాసేపు దిగాయి.

ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. బీడీ ఇంకా వెలుగుతూనే ఉంది.

చేతులు జోడించాను. "మీ దయవల్ల బతికిపోయాను తాతా."

"మంచిది. కొత్తోలెవులైనా వత్తే నువ్వూ సెప్పు," అన్నాడు. "నాకెవులూ సెప్పలేదు."