పుట్టింటి పట్టు

“ఇదీ కుదరదన్నయ్యా,” అంటూ ఆవిడ రెండో వైస్‌ని కూడా పక్కకు జరిపింది.

చేపల గాలాలు, కర్రలు, దారాలు అమ్మే కొట్టు అది. కొట్టాయన గట్టిగా ఊపిరి పీల్చుకుని మూడోదాని కోసం అర వెతికాడు. ఇంకొకరైతే ఈపాటికి ‘వెళ్లిరండి’ అనేవాడే. ఈవిడని అనలేడు.

కారణం ఈగలు. నిజం ఈగలు కావు. గాలం మీద ఈకముక్కలు పెట్టి, సన్నటి దారం చుట్టి చేసే ఈగలు. నీళ్లమీద వాలితే చేప నిజం పురుగనుకుని నోరు తెరుస్తుంది. వాటిని చెయ్యడంలో ఈవిడ భర్తను మించినవాడు లేడు. ఆయన గడప దాటి రాడు. నెలకోసారి ఈవిడే అట్టపెట్టెలో సర్ది తెచ్చి ఇచ్చిపోతుంది. ఇరవై రెండేళ్లుగా జనం ఆ పెట్టె కోసమే ఈ కొట్టు మెట్లెక్కుతున్నారు. ఆ ఈగలు రాకపోతే కొట్టాయన ఈగలు తోలుకోవాల్సిందే.

ఇప్పుడా గండమే వచ్చిపడింది. దారం చుడుతున్నంతసేపూ గాలాన్ని కదలకుండా పట్టుకునే వైస్ పాడైందట. అది పోతే ఇక ఈ పనే మానేస్తానని ఆయన భీష్మించుకుని కూర్చున్నాడట. ఆయనకు తెలియకుండా ఆవిడే కొత్తది కొనడానికి వచ్చింది.

“రిపేరు చేయించలేకపోయారా, చెల్లెమ్మా?”

“సోమవారం చేస్తామన్నారు. ఆ తర్వాత ఆరు వారాలు పనికి రాదట. ఆపైనైనా మునుపటి పట్టు వస్తుందో రాదో చెప్పలేమన్నారు.”

“రిపేరు చేసేవాళ్లంతా అంతే. అసలేమైంది దానికి?”

“వణుకుతోంది. పొద్దున్నే అయితే బిగుసుకుపోతుంది. మీ బావగారు రోజూ నూనె రాస్తూనే ఉన్నారు.”

“నూనె ఎక్కువైతే గాలం జారిపోతుంది.”

“చెబితే వినరు.”

కొట్టాయన మూడో వైస్‌ని బల్ల అంచుకు బిగించి, దాని నోట్లో ఒక గాలం పెట్టాడు. “చూడండి. ఉడుంపట్టు.”

“ఉడుంపట్టు వద్దన్నయ్యా. మొదటిది అలాగే గాలం మీద గాటు పెట్టింది. పట్టుకోవాలి గానీ కొరకకూడదు.”

ఆవిడ సంచిని ఎడమచేత్తో కడుపుకి హత్తుకుని, కుడిచేత్తోనే పరీక్ష మొదలుపెట్టింది. గాలాన్ని లాగి చూసింది. వంచి చూసింది. గోటితో మీటింది. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు వైస్ దవడల్లోకి తొంగిచూసింది. ఆఖరికి వేలితో తాకి, “చల్లగా ఉంది,” అంది.

“ఇనుము కదమ్మా.”

“ఆయనకి అలవాటు లేదు.”

కొట్టాయన ఇన్నేళ్లలో వైస్‌కి వంద వంకలు పెట్టినవాళ్లని చూశాడు. చల్లగా ఉందన్నవాళ్లని చూడలేదు. అయినా తలూపాడు.

“ఇది తిరుగుతుందా?”

“భేషుగ్గా. ఈ పిడి తిప్పితే చాలు, గాలం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.”

“పాతది కనుసైగకే తిరిగేది.”

పోయినవాటన్నిటికీ కళ్లు చారెడేసి అని కొట్టాయన మనసులో సర్దుకున్నాడు. “ఇంతకీ ఏ కంపెనీది అది?”

“కంపెనీది కాదు. మా పుట్టింటిది. పెళ్లినాడు మా నాన్నే ఆయన చేతిలో పెట్టాడు. ‘జాగ్రత్తగా చూసుకో బాబూ’ అని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.”

ఒక వైస్ కోసం కంటతడి పెట్టిన మామగారి మీద కొట్టాయనకు గౌరవం కలిగింది. తన మామగారు ఇచ్చింది గోడగడియారం. అదీ నవ్వుతూ ఇచ్చాడు.

“మరి బావగారు జాగ్రత్తగానే చూసుకున్నారా?”

“చూసుకున్నారు. పని లేనప్పుడు కూడా వదిలేవారు కాదు.” ఆవిడ మూడో వైస్ వైపు చూపించింది. “ఇదే ఇవ్వండి. ఇదీ నచ్చలేదంటే మాత్రం ఆయన పని మానేస్తారు. ఊరికే కూర్చోబెడితే ఆ మనిషి నాలుగు రోజులు కూడా బతకరు. నా బెంగంతా అదే.”

బెంగ కొట్టాయనకూ ఉంది. “ఎందుకు నచ్చదు? మీ పాతదాన్ని పక్కన పెట్టుకుని, దీని ఎత్తూ నోరూ సరిగ్గా దానికి తగ్గట్టు బిగించి ఇస్తాను. బావగారికి తేడా తెలిస్తే నా పేరు మార్చి పిలవండి. పనయ్యాక పాతది నాకిచ్చేస్తే విడిభాగాలకైనా పనికొస్తుంది.”

ఆవిడ వచ్చినప్పటినుంచి మొదటిసారి నవ్వింది. “ఆయన ఒప్పుకోరు.”

“సరే, కొలతకైనా రేపు పట్టుకురండి.”

“రేపటిదాకా ఎందుకు? తెచ్చాను.”

కొట్టాయన కొలబద్ద తీసి, కళ్లజోడు సర్దుకుని, సంచి వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ సంచిని కుర్చీలో పెట్టి, గాలాలు గుచ్చుకున్న మచ్చలతో నిండిన ఎడమచేతి బొటనవేలునీ చూపుడువేలునీ గాలం పట్టుకున్నట్టే దగ్గరికి చేర్చి, వణకకుండా మణికట్టును కుడిచేత్తో అదిమిపట్టి, కొత్త వైస్ పక్కన బల్లమీద పెట్టింది.