స్వీటీని చూపించు తాతా

"తాతా, నీ ముక్కొక్కటే కనబడుతుంది. ఫోన్ కిందికి తిప్పు!"

రామానుజం కంగారుగా ఫోన్ తిప్పాడు. ఈసారి ఇంటి దూలాలు కనిపించాయి కాబోలు, అవతల ఆసుపత్రి వార్డులో పిల్లలు గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది అభిజ్ఞ. రక్తం ఎక్కించుకోవడానికి తరచూ ఆ వార్డుకు వచ్చే తొమ్మిదేళ్ల పిల్ల.

"స్వీటీ ఏది?"

"వాకిట్ల ఉందమ్మా."

"మస్తు ఎండ గొడుతుంది గద! లోపలికి పిల్వు."

రామానుజం గడప వైపు చూశాడు. హుస్సేనీ ఆలంలోని ఆ ఇంట్లో తరతరాలుగా గుడి సేవ చేసినవాళ్లే పుట్టారు. తాను కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయినా ఆచారం మాత్రం వదల్లేదు. భార్య కోమలవల్లి వీధిలో వణుకుతున్న కుక్కపిల్లను కొంగులో చుట్టి తెచ్చిన నాడు, "అది గడప లోపలికొస్తే నేను గడప బయటికి పోత" అన్నాడు. ఆమె నవ్వి, వాకిట్లోనే దానికి గోనె పరిచింది.

ఆ కుక్కకే స్వీటీ అని పేరు పెట్టి పెంచి, నలుగురిలో మెలగడం నేర్పి, గురువారం గురువారం అఫ్జల్‌గంజ్ అవతలి పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లేది. నొప్పితో ఏడ్చే పిల్లలు దాని మెడ కావలించుకుని ఊరుకునేవారు. కోమలవల్లిని అమ్మమ్మా అని పిలిచేవారు. రామానుజం ఆటోలో వెంట వెళ్లేవాడు గానీ, గేటు దగ్గరి బెంచీ దాటేవాడు కాదు. పేపరు చదువుతూ కూర్చుంటే, ఆమె చీరనిండా కుక్క వెంట్రుకలతో, ముఖంనిండా వెలుగుతో బయటికొచ్చేది.

కరోనా వచ్చింది. ఆసుపత్రిలోకి జంతువులను రానివ్వడం మానేశారు. ఆ ఎండాకాలమే కోమలవల్లి నిద్రలో గుండె ఆగి చనిపోయింది. లాక్‌డౌన్‌లో పట్టుమని పదిమంది కూడా రాలేకపోయారు.

పరామర్శకు ఫోన్ చేసిన నర్సు విమలాదేవి చివర్లో ఒక మాట అడిగింది. "సార్, పిల్లలు స్వీటీ కోసం ఒకటే లొల్లి. అభిజ్ఞ అయితే సూదే వెయ్యనిస్తలేదు. జర వీడియో కాల్‌ల చూపిస్తరా? మీకు పుణ్యముంటది."

చిన్నపిల్ల సూది వేయించుకోనంటుంటే కాదనడమెలా?

ఇప్పుడు గడప దగ్గర నిలబడి, "స్వీటీ, రా" అన్నాడు. కుక్క నమ్మలేనట్టు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత ఒక్కో కాలే లోపల పెట్టింది. ఫోన్‌లో చప్పట్లు మోగాయి.

అక్కడితో ఆగలేదు. వార్డుకు వచ్చిన ప్రతిసారీ అభిజ్ఞకు ఒక కొత్త కోరిక.

"నీ గడ్డం చూసి స్వీటీ బుగులు పడుతుంది తాతా. తీసెయ్."

మాసిన గడ్డం తీసేశాడు.

"స్వీటీ మస్తు బక్కగైంది. ఒక్కతే తినదంట, అమ్మమ్మ చెప్పింది. నువ్వు గూడ పక్కన కూసోని తిను. మేం చూస్తం."

పొయ్యి వెలిగించాడు. పెరుగన్నం కలిపి దాని గిన్నెలో కొంత, తన కంచంలో కొంత పెట్టుకున్నాడు.

"మెడల మల్లెదండ ఏది? అమ్మమ్మ కట్టేది గద!"

మాస్కు కట్టుకుని పూల కోసం బజారుకు బయలుదేరాడు. బట్టల దుకాణం ముందు బాలకిషన్ ఆపాడు.

"ఏంది రామానుజం సాబ్, మస్తు రోజులకు కనబడ్డరు!"

"తీరికేడిది బాలకిషన్! నేను ఫోన్‌ల కనబడకపోతే అక్కడొక పిల్ల సూది వేయించుకోదు" అన్నాడు, కొంచెం గర్వంగానే.

ఆ రోజు స్వీటీ మెడలో దండ చూసి పిల్లలంతా మురిసిపోయారు. వాళ్ల సందడి సద్దుమణిగాక రామానుజం, చాలాకాలంగా మనసులో ఉన్నది అడిగాడు.

"అభిజ్ఞా, మీ అమ్మమ్మ అక్కడ ఏం చేసేదమ్మా? నేనెన్నడు లోపలికి రాలె."

"పాట పాడేది. స్వీటీ చెవుల మా ముచ్చట్లు చెప్పుకోనిచ్చేది. నీ ముచ్చట గూడ చెప్పేది."

"నా ముచ్చటా? ఏమని?"

"బయట బెంచి మీద మా సింహం కూసుంది, కుక్కకు భయపడి లోపలికి వస్తలేదని!"

రామానుజానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ముంచుకొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చే ఆటోలో నయాపూల్ వంతెన మీది గాలికి చెదిరే ఆమె జుట్టు, తనలో తాను పాడుకునే ఆ పాట, పేపర్లోంచి తలెత్తి తాను ఎన్నడూ అడగని ఆ పాట, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. స్వీటీ ఆయన ఒళ్లోకి ఎక్కింది. ఆయన దించలేదు.

"సింహమంట! చూడు, ఎట్ల చెప్పిందో..." అని మళ్లీ నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "సరేగానీ, ఇయ్యాల సూది వేయించుకున్నవా?"

"ఎప్పుడో! సూదికి నేనెప్పుడు ఏడ్వ తాతా."

పిల్ల బడాయికి ఆయనకు ముచ్చటేసింది. "శభాష్. మళ్లొచ్చేసారి స్వీటీని నయాపూల్ మీదికి తీసుకపోయి మూసీని చూపిస్త."

"పక్కానా?"

"పక్కా."

ఫోన్ పెట్టేయబోయాడు గానీ, తడి కళ్లకు ఎక్కడ నొక్కాలో కనబడలేదు. అవతల పిల్ల ఫోన్‌ను మంచం మీద వెల్లకిలా పెట్టినట్టుంది. తెర మీద వార్డు ఫ్యాను తిరుగుతోంది. అభిజ్ఞ గొంతు తగ్గించి ఎవరినో అడగడం వినిపించింది.

"సిస్టరమ్మా, నువ్వు చెప్పిన తాత బీమారి తగ్గినట్టేనా?"