చివరి నలభై సెకన్లు

సుజన వరండాలో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. ఊరి నుంచి నాయన పంపిన ఉలవలు. సగం పొట్టు, సగం మట్టి. చేట పట్టే తీరు నడకలాంటిది, ఎవరిది వాళ్లదేనని అవ్వ అనేది. సుజన చేట అవ్వ చేటలాగే ఎక్కడా ఆగకుండా ఆడుతుంది.

లోపల హాల్లో ఆదివారం కచేరీ మొదలైంది. కచేరీ అంటే పాత క్యాసెట్లు, వాటి మీద వాదనలు. సుజన మామ దొరస్వామి, బస్సు డ్రైవరుగా రిటైరైన గంగాధరం, టేప్ రికార్డర్లు బాగుచేసే రసూల్. ముగ్గురికీ ఒకటే పిచ్చి. చిత్తూరు వెన్నెల ఆర్కెస్ట్రా. అది మూతబడి ముప్పై ఏళ్లయినా వీళ్ల గొడవ తీరలేదు.

వెన్నెలలో దేనికి దక్కాల్సినదానికన్నా ఎక్కువ పేరు వచ్చింది? ఈ వారం తగువు అది. గంగాధరం అకార్డియన్ అన్నాడు. అది లేకపోయినా ఒక్క పెళ్లీ ఆగేది కాదట. రసూల్ ఏకంగా గాయకుడి మీదికే వెళ్లాడు.

"మునిశేఖర్ పైస్థాయి పాట కాదప్పా, అరుపు. మైకు పుణ్యాన బతికినాడు."

"మెల్లగా మాట్లాడు రసూల్," అన్నాడు దొరస్వామి. "ఆయమ్మ ఈడనే ఉండాది."

ఆయమ్మ అంటే మునిశేఖర్ భార్య పంకజాక్షి. పొద్దున్నే ఆటోలో వచ్చి వరండాలో సుజన పక్కన కూర్చుంది. నుదుట ఇప్పటికీ పెద్ద బొట్టు. సినిమాల్లో పాడతానని మద్రాసు బస్సెక్కాడట ఆ భర్త, మళ్లీ కనిపించలేదు. ఆ రోజు తాను పలమనేరులో పుట్టింట్లో ఉన్నానని, ఇంట్లో ఉంటే పోనిచ్చేదాన్ని కానని ఆమె చిత్తూరులో చెప్పని మనిషి లేడు. అప్పటి నుంచి వెన్నెల టేపు ఎవరింట్లో ఉందని తెలిసినా వెళ్లి విని వస్తుంది. దొరస్వామి దగ్గరున్న చివరి టేపు సంగతి ఆమెకు నిన్ననే తెలిసింది.

"ఆయన గొంతు నా దగ్గర ఒకటన్నా ఉండాల గదమ్మా," అంది సుజనతో. "మీ మామ ఇస్తాడంటావా?"

ఆ క్యాసెట్టును మామ కాపీ కూడా చేయనివ్వడు.

"ఆ చేట ఇట్లియ్యి. ఊరికే కూసుంటే గుండె దడగా ఉండాది. నువ్వు పోయి కాఫీ పెట్టు."

పంకజాక్షి చేట ఒళ్లోకి తీసుకుంది. రెండుసార్లు ఎగరేసి, కాసేపు వంచి పట్టుకుని, బొటనవేలితో అంచు మీద మీటేది. పొట్టు ఎగిరి ముగ్గులో పడేది. లోపల స్పీకరు హోరులో చేట చప్పుడు గడప దాటి పోవడం లేదు. సుజన ఆ చేతుల పనితనం చూస్తూ కాసేపు నిలబడిపోయింది.

కాఫీ కాగేసరికి మబ్బు కమ్మింది. దొరస్వామి ఆ చివరి క్యాసెట్టు తీసి పెట్టాడు. పంకజాక్షి చేట పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

ఆ క్యాసెట్టు రసూల్‌కు పాత సామాన్ల అంగట్లో, పాడైన టేప్ రికార్డరులో ఇరుక్కుని దొరికింది. తెచ్చి దొరస్వామికి ఇచ్చాడు. మీద మునిశేఖర్ చేతిరాతలో ఒక తేదీ ఉంది. ఆయన వెళ్లిపోయిన రోజు. మద్రాసు లాడ్జిలో పాడుకుని ఉంటాడని ముగ్గురి నమ్మకం.

పాట సగంలో తెగింది. ఏదో బరువైనది నేలకు తగిలింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆపైన నలభై సెకన్లు వాయిద్యం ఒక్కటే. ఇసుక జారినట్టు, మళ్లీ జారినట్టు, ఆగి ఒక చిన్న టక్కు. తొందర లేదు, తడబాటు లేదు. కాపురానికొచ్చిన ఈ మూడు నెలల్లో అది విన్నప్పుడల్లా సుజన చేస్తున్న పని ఆపేసేది.

"ఇదీ వెన్నెల అంటే," అన్నాడు దొరస్వామి. "ఇట్లాంటి తాళం వేసే మొనగాడు మళ్లా పుట్టలే."

"దీనికే అన్నిటికన్నా ఎక్కువ పేరొచ్చింది," గంగాధరం నవ్వాడు. "టేపు అరిగిన గోలప్పా ఇది."

రసూల్ ఒప్పుకోలేదు. బెంగుళూరులో తెలిసినతను ఉన్నాడనీ, వింటే ఏ వాయిద్యమో, ఎంత గదిలో మోగిందో కూడా చెప్పేస్తాడనీ ఫోను బయటికి తీశాడు.

పంకజాక్షి ఆ ఫోను మీద చెయ్యి వేసింది.

"వద్దు భాయ్. సచ్చినాడో బతికినాడో తెలీని మనిషి గొంతు అందరి ఫోన్లలో తిరగకూడదు. గంగాధరమన్న చెప్పిందే నిజం. అది ఉత్త గోల. ఆ గోల కోసం కొట్లాడుకోబాకండి. పాట నాకియ్యండి."

దొరస్వామి చాలాసేపు క్యాసెట్టు వైపే చూశాడు. చివరికి ఓడిపోయినవాడిలా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని కొంగులో చుట్టి రొంటిన దోపుకుంది. వరండాలోకి వచ్చింది. సుజన కాఫీ గ్లాసు అందించబోయి, అలాగే ఆగి ఆమె బొటనవేలి వైపు చూసింది. పంకజాక్షి సుజన ముఖంలోకి చూసింది. గ్లాసు అందుకోలేదు. చెప్పులేసుకుని గేటు దాటి వెళ్లిపోయింది.

స్పీకరు ఆగిపోయిన ఇల్లు బోసిగా ఉంది. సుజన కూర్చుని చేట అందుకుంది. తన తీరులో కాదు. రెండుసార్లు ఎగరేసింది. వంచి పట్టుకుంది. బొటనవేలితో అంచు మీద టక్కున మీటింది. మళ్లీ రెండుసార్లు ఎగరేసింది.

లోపల కుర్చీ జరిగింది. గంగాధరం గొంతు వినిపించింది.

"ఆయమ్మ చేతికి ఇచ్చేసినావు గదప్పా దొరస్వామీ, ఆ టేపు మళ్లా ఎట్ల మోగుతా ఉండాది?"