అవతలి అభ్యర్థి

“గోడ నెర్రెలిచ్చింది, నిజమే. అంతమాత్రానికే ఇల్లు కూల్చాలా నాయనా?” అని కుట్టుమిషను మీదినుంచి తల ఎత్తకుండానే అడిగింది అవ్వ.

సిమెంటు దుకాణం యజమాని ముఖాన చిరునవ్వును ప్రయత్నపూర్వకంగా నిలబెట్టుకున్నాడు. నగరపాలక సంఘం ఎన్నికలలో ఈ వార్డుకు అతడు అభ్యర్థి. ఈ వీధిలోని పాత వరుస ఇళ్ళను పడగొట్టి, ఆ స్థానంలో పది అంతస్తుల భవనం లేపి, ఇక్కడి ప్రతి కుటుంబానికీ అందులో ఒక వాటా ఇప్పించాలన్నది అతడి సంకల్పం.

“ఇంతకంటె మంచిదే ఇస్తామవ్వా. లిఫ్టు ఉంటుంది. రాత్రీ పగలూ నీళ్ళుంటాయి.”

“లిఫ్టులో నా మిషను పడుతుందా? అంత ఎత్తుకు రవికె గుడ్డ పట్టుకుని ఎవరొస్తారు? ఆవిడైతే కూల్చనే వద్దంటోంది. నిన్న ఇదిగో, ఈ పీట మీదే కూర్చుంది. పైకప్పు కారేచోట తనే గిన్నె కూడా పెట్టి వెళ్ళింది.”

ఆవిడ! ఉదయంనుంచి ఏ గడప తొక్కినా ఆవిడ ప్రస్తావనే. ఎదుటి పక్షాన నిలిచిన లెక్కల పంతులమ్మ. పాత ఇళ్ళకు మరమ్మతు చేయించాలి, కొత్తవి ఖాళీ జాగాలోనే కట్టాలి, అవైనా పక్కింటి వెలుతురును మింగకూడదు అన్నది ఆవిడ వాదం.

మాత్సర్యం ఆరుగురు శత్రువులలో చివర నిలుచున్నట్టే కనబడుతుంది గాని, లోపలికి చొరబడేది అందరికంటె ముందు. అతడి చెయ్యి తనకు తెలియకుండానే జేబులోకి పోయి, పొద్దున్న విసురుగా బయలుదేరుతూ అందులో వేసుకున్న తాళంచెవిని గిరగిర తిప్పసాగింది.

అవ్వ కళ్ళద్దాలు సవరించుకుంది. “చొక్కాకు గుండీ ఊడినట్టుందే?”

“తీరిక లేదవ్వా.”

“ఎవరికి?”

పక్కన కాజాలు కుడుతున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. అతడు చివాలున లేచి వీధిలోకి వచ్చాడు. కరపత్రాల సంచీతో బావమరిది అతడి వెనకాలే నడిచాడు.

“ఏరా, ఇన్నాళ్ళుగా నా వెంట తిరుగుతున్నావు. ఆవిడ మీద ఒక్క మాటైనా గట్టిగా అనవేం?”

“నన్ను లాగకు బావా. నీ సంచీ మోస్తున్నాను, చాలదూ?”

“సభలో నా పేరైనా ఎత్తదు! ‘అవతలి అభ్యర్థి’ అంటుంది. ఎంత పొగరు!”

బావమరిది దగ్గుతూ సంచీ భుజం మార్చుకున్నాడు.

అంతలో చినుకులు మొదలయ్యాయి. వీధి మలుపులో ఆవిడ కనబడింది. నెరిసిన జుట్టును చెవుల వెనక్కి తోసుకుంటూ, పక్కవాడి మాటకు నవ్వుతూ వస్తోంది. ఆ పక్కవాడు తాను తడుస్తూ ఆవిడకు గొడుగు పట్టాడు.

“ఆ గొడుగువాడెవడు?”

“ఇంజనీరు బావా. ఇళ్ళ గట్టిదనం చూడ్డానికి ఆవిడే పిలిపించింది.”

“ఇళ్ళు చూడవచ్చినవాడు గొడుగు పట్టడమెందుకు?”

“వాన కదా బావా!”

“ఆవిడకు చేతుల్లేవా?”

ఓట్లు పోతున్నాయన్న బాధ అతడికి ఉదయంనుంచి ఉన్నదే. ఈ గొడుగును చూచినప్పుడు రగిలింది మాత్రం ఆ నిప్పు కాదు. ఏ నిప్పో తనకు తాను ఒప్పుకోవడానికి అభిమానం అడ్డువచ్చింది.

వాన పెరగడంతో అందరూ అవ్వ వసారాలోకే చేరారు.

“ఇద్దరూ ఒక్కచోట దొరికారు, ఇక్కడే తేల్చండి!” అంది అవ్వ. “మీ పంతాలు మా కొంపల మీదికి తెచ్చారు.”

పంతులమ్మ గొంతు సవరించుకుంది. “అవతలి అభ్యర్థిగారిని నేను అడిగేది ఒక్కటే. ఆ పదో అంతస్తులో ఆయన కాపురముంటారా?”

“ఉంటాను! నిక్షేపంగా ఉంటాను!”

“నేనుండను,” అంది ఆవిడ.

వసారా అంతా గొల్లుమంది. ఇంజనీరు కూడా నవ్వాడు. ఆ ఒక్క నవ్వే అతడికి ముల్లులా గుచ్చుకుంది.

“ఇంకేం, తేలిపోయింది!” అని చేతులు దులుపుకుంది అవ్వ. “చూసి నేర్చుకో నాయనా. నీకు దూరాభారమా ఏమన్నానా?”

దీటైన జవాబు కోసం అతడు తలెత్తాడు. సరిగ్గా అప్పుడే పైకప్పునుంచి చల్లని బొట్టు ఒకటి గుండీ లేని కాలరులోంచి వీపు మీదికి జారింది.

“ఛీ! ముందు ఈ కప్పు బాగుచేయించాలి!” అన్నాడు అసంకల్పితంగా.

“ఆవిడా అదేగా అంటోంది!” అన్నారు ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో.

వాన వెలిసేసరికి జనం చెదిరిపోయారు. బావమరిది సంచీ వదిలేసి ఎప్పుడో జారుకున్నాడు. వసారా స్తంభానికి ఆనుకుని, జేబులో చెయ్యి పెట్టుకుని, అతడొక్కడే మిగిలాడు.

“చీకటి పడుతోంది. నేను దిగబెట్టనా మేడమ్?” అంటున్నాడు వీధిలో ఆవిడతో ఇంజనీరు.

ఈ వీధి ఓట్లన్నీ ఆవిడకే పోయినా సరే, ఆ ప్రశ్నకు ఆవిడ ఔననకుంటే చాలుననిపించింది.

“అక్కర్లేదండీ, మీరు వెళ్ళండి.”

గొడుగు వీధి చివర కనుమరుగయ్యింది. ఆవిడ చెంగుతో ముఖం తుడుచుకుని, నీటిగుంటలు దాటుకుంటూ సూటిగా అతడి దగ్గరికే వచ్చి నిలబడింది. ఊడిన గుండీ వంక ఒకసారి చూచింది. ఇంకే ఎత్తిపొడుపు మిగిలి ఉందో అని అతడు మొహం తిప్పుకున్నాడు.

ఆవిడ చెయ్యి చాచింది.

“ఏమండీ, మన ఇంటి తాళంచెవి మీ దగ్గరే కదూ?”