ఇమ్రాన్ ఆగిన చోట

"ఇమ్రాన్‌ని దింపేది లేదు," తెగేసి చెప్పాడు విజయేంద్ర.

ఐర్లండ్‌లోని అత్లోన్ మైదానం మీద సన్నటి జల్లు పడుతోంది. బంతిని చేత్తో విసిరి, అందుకుని పరిగెత్తే ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్. మిగిలింది ఒక్క ఎత్తే. బంతి గీత దాటితే ఫైనల్, దాటకపోతే ఇంటికి.

"ఆయన్ని తెచ్చుకున్నదే ఇలాంటి రోజు కోసం కదండీ," అంది బంతి విసిరే లోహిత.

విజయేంద్ర ఆదివారాలు ఈ జట్టుకి కోచ్. వారమంతా మందుల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇంజినీరు. అనుమానం ఉన్న సరుకుని గేటు దాటనివ్వడు. ఇమ్రాన్ మీద అన్నీ అనుమానాలే. బంతి అందుకునే రిసీవర్లలో అంత వేగం ఇంకెవరికీ లేదని నేస్ ఊరి జట్టు నుంచి లాక్కొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఒకసారి మడమ, ఇంకోసారి తొడ. ఆడినదానికంటే ఐసు పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నదే ఎక్కువ. ఈరోజు కూడా పనికిరాకపోతే జట్టులోంచి తీసేస్తానని విజయేంద్ర పొద్దున్నే అతని మొహం మీదే చెప్పాడు.

ఎదురుగా ఉన్నది ఆ నేస్ వాళ్ళే.

"కాలెలా ఉంది?" ఇమ్రాన్‌ని అడిగాడు విజయేంద్ర.

"గ్రాండ్ అన్నా, మంచిగుంది. ఒక్కసారి పంపు. ఉరకకపోతే నువ్వు తీసేసుడెందుకు, నేనే పోత."

లోహిత మొహం చూసి విజయేంద్ర అయిష్టంగానే తలూపాడు.

ఇమ్రాన్ ఎడమ చివర నిలబడగానే నేస్ వాళ్ళు ఇద్దరు అతని ఎదుటికి జరిగారు. అతని ఒడుపు వాళ్ళకి కంఠతా వచ్చు. పరిగెడుతూ ఠక్కున ఆగుతాడు. కాపలావాడు తడబడగానే పక్కనుంచి దూసుకుపోతాడు.

బంతి లోహిత చేతికొచ్చింది. ఇమ్రాన్ ముందుకురికి ఠక్కున ఆగాడు.

ఆ ఇద్దరూ ఆగిపోయారు. మోకాళ్ళు వంచి, చేతులు చాచి, ఎటు దూకుతాడా అని రెప్ప వెయ్యకుండా చూస్తున్నారు. ఇమ్రాన్ కదల్లేదు. కదలవేంరా అని విజయేంద్ర పళ్ళు కొరికాడు.

కుడివైపు ఇంకో రిసీవర్ శ్రీధర్‌ని పట్టించుకునే నాథుడే లేడు. లోహిత విసిరింది. శ్రీధర్ బంతిని గుండెకి అదుముకుని గీత దాటేశాడు.

జట్టంతా వెళ్ళి శ్రీధర్ మీద పడింది. విజయేంద్ర మాత్రం నేరుగా ఇమ్రాన్ దగ్గరికి నడిచాడు. పొద్దున అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. పరిగెత్తినా పరిగెత్తకపోయినా ఫైనల్లో ఆ ఎడమ చివర నీదేనని అందరికీ వినిపించేలా మాటిచ్చాడు.

"ఇద్దర్నీ అక్కడే కట్టిపడేశావయ్యా. అంతసేపు ఆగాలని నీకెలా తోచింది?"

ఇమ్రాన్ అతని భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా బరువంతా మోపాడు.

"నేను ఆగలేదన్నా. తొడ పట్టేసింది."