బెంచీ కింది పెట్టె

జీప్నీ బండిలోకి ముందు కంపు ఎక్కింది. తర్వాత మనిషి ఎక్కాడు.

అలాంటిలాంటి కంపు కాదు. పొద్దున తిన్న అన్నం గొంతు దాకా వచ్చి కూర్చునే కంపు.

మనిషి నడివయసు వాడు, కొండ మీది ఊళ్ళ వాడిలా ఉన్నాడు. గోళ్ళ నిండా మట్టి. చేతిలో తాళ్ళు బిగించి కట్టిన తెల్లటి థర్మాకోల్ పెట్టె. ఒడిలో పెట్టుకోబోయి, చోటు చాలక బెంచీ కిందికి నెట్టాడు. దాని మూల నుంచి ఎర్రటి నీళ్ళు కారి, ఎదురు బెంచీలో కూర్చున్న పురింగ్ చెప్పు కిందికి చేరాయి.

పురింగ్ చటుక్కున కాలు పైకి తీసుకుంది.

ఆవిడది ఎండు చేపల వ్యాపారం. ఒళ్ళో గంపెడు చేపలున్నాయి. ఆ వాసన మాత్రం ఆవిడ ముక్కుకి ఏనాడూ తగల్లేదు.

అసలే ఆవిడ మనసు బాగాలేదు. మొన్న మనవరాలు జింజిన్ని సంతలో ఏదో కుక్క కరిచి పారిపోయింది. పురింగ్ పిల్లని కొమ్ము వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. అతను గాయం మీద జింక కొమ్ము ఆనించి, అది అంటుకోలేదు కాబట్టి విషం లేదని తేల్చేశాడు. కూతురు మారివిక్ మాత్రం, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుందని నర్సు చెప్పింది, పట్నం తీసుకెళ్ళి సూదులు వేయిద్దామని ఒకటే పోరు.

"అది పిచ్చికుక్కేనని రుజువు చూపించు. అప్పుడు చూద్దాం," అని పురింగ్ తెగేసి చెప్పింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకి తిరుగు లేదు.

ఆవిడ తువ్వాలుతో ముక్కు మూసుకుంది. "ఏముందయ్యా అందులో?"

"తలమ్మా."

"ఎవరిది?"

"కుక్కది."

రెండు బెంచీల మీదా అందరి కాళ్ళూ పైకి లేచాయి. కాలేజీ పిల్ల ఒకతె రుమాలు నోట్లో కుక్కుకుంది.

"మందులో నంజుకోడానికా?" అంది పురింగ్. "సిగ్గు లేదూ?"

"కాదమ్మా. పరీక్ష చేయించాలి. ఇవాళ శనివారం, మధ్యాహ్నానికే పశువుల ఆఫీసు మూసేస్తారు."

"చచ్చిన కుక్కకి పరీక్షేంటి? లేచి మొరుగుతుందా?"

మూసుకున్న ముక్కులతోనే అందరూ నవ్వారు. ఆ నవ్వుతో పురింగ్‌కి ఊపు వచ్చింది.

"ఒక పిల్ల కోసమమ్మా," అన్నాడతను.

"పిల్లకి తలకాయ కూర వండి పెడతావా? మొన్నటిదాకా నీ గుమ్మంలోనే తోకాడించి ఉంటుంది. దాన్నే కోసుకొచ్చావు. థూ, నువ్వూ ఒక మనిషివేనా."

అతని మొహం అదోలా అయింది. వంగి పెట్టె తాళ్ళ ముడి ఇంకాస్త బిగించాడు.

బండి ఆపమని పురింగ్ నాణెం తీసి పైనున్న కమ్మీ మీద టకటకా కొట్టింది. జీప్నీ ఆగింది.

"దిగు."

"ఇంకో బండి ఎప్పుడొస్తుందో తెలీదమ్మా. ఐసు కరిగిపోతే ఇది ఎందుకూ పనికిరాదు."

"కరగనీ."

డ్రైవరు మాంగ్ ఇస్కో అద్దంలోంచి చూశాడు. "గొడవెందుకు తమ్ముడూ, దిగిపో. వెనకాల ఇంకెవరైనా ఎక్కించుకుంటారులే."

అతను పెట్టె కోసం వంగేలోపే పురింగ్ దాన్ని కాలితో తన్నింది. పెట్టె వెనక మెట్టు మీంచి జారి రోడ్డు మీద పడి పగిలింది. ఐసు ముక్కలు తారు మీద చెల్లాచెదురయ్యాయి. ప్లాస్టిక్ సంచీ చిరిగి, అందులోంచి గోధుమరంగు చెవి ఒకటి బయటపడింది.

ఎవరో ఓకరించారు.

అతను ఒక్క తిట్టు తిట్టలేదు. కిందికి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చెవిని నెమ్మదిగా సంచీలోకి సర్దాడు.

"చూడండి, ముద్దు కూడా చేస్తున్నాడు," అంది పురింగ్. ఆవిడకి ఒళ్ళంతా జలదరించింది.

జీప్నీ కదిలింది.

"మీరు లేకపోతే పట్నం దాకా ఈ కంపుతో చచ్చేవాళ్ళం, పురింగ్ అక్కా," అన్నారు పక్కవాళ్ళు. ఆవిడ మెంథాల్ నూనె సీసా తీసి, తను రాసుకుని, అందరికీ ఇచ్చింది.

పట్నం పొలిమేరల్లో ఉండగా ఫోను మోగింది. మారివిక్.

"అమ్మా, మీ బండిలో పెట్టె పట్టుకుని ఒకతను ఎక్కాడా?"

పురింగ్ కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"నువ్వు అరుస్తావని చెప్పలేదు. నిన్న కొండ మీది ఊళ్ళన్నీ తిరిగాను. జింజిన్ని కరిచిన కుక్క చచ్చిపోయిందట, పూడ్చేశారట. దాని తల పరీక్ష చేయిస్తే పిచ్చిదో కాదో తేలుతుంది. నువ్వు రుజువు కావాలన్నావుగా, ఆ పెట్టెలో అదే తెస్తున్నాడు. నువ్వెక్కే బండే ఎక్కమన్నాను. పాపం ఆఫీసు ఎక్కడో అతనికి తెలీదు, కాస్త దారి చూపించు. వింటున్నావా?"

బెంచీ కింద ఎర్రటి మరక ఇంకా ఆరలేదు. కంపు మాత్రం ఇప్పుడు అక్కడి నుంచి రావడం లేదు. పెట్టెని తన్నిన తన కాలి నుంచి వస్తోంది. పురింగ్‌కి తన మీద తనకే రోత పుట్టింది.

"పిల్లని తీసుకుని ఇప్పుడే బయల్దేరు," అంది. "సూదులు వేయిద్దాం."

"మరి రుజువు?"

"అక్కర్లేదు."

అవతల మారివిక్ జింజిన్ని చెప్పులేసుకోమని కేకేసింది.

"అతను," అంది పురింగ్. "ఆ ఆఫీసు మనిషా?"

"ఆఫీసు మనిషేంటమ్మా. నా అన్నవాళ్ళు లేక ఆ కుక్కనే బిడ్డలా సాకినవాడు, నేను కాళ్ళ మీద పడి ఏడిస్తే, తను పూడ్చుకున్న గొయ్యి తనే తవ్వి, తన చేత్తోనే దాని తల కోశాడు."