గట్టు మీద పెట్టిన ఒట్టు

"క్యాన్సరేనమ్మా," అంది డాక్టర్ దయామణి, రిపోర్టు బల్ల మీద పెడుతూ. "కింది పెదవి లోపల మొదలైంది. చిగుళ్ళ దాకా పాకింది. ఆలస్యం చెయ్యకుండా గుంటూరు తీసుకెళ్ళండి."

సుభాషిణి పక్కనే కూర్చున్న తల్లి వంక చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని తెలుసు.

"అలా ఎలా వస్తుందండీ? మా ఇంట్లో నురగే లేదండీ," అంది.

డాక్టరుకి అర్థం కాలేదు.

సుభాషిణి సంచిలోంచి ఫైలు తీసింది. పేస్టు డబ్బాల అట్టలు, షాంపూ ప్యాకెట్లు కత్తిరించి వరసగా కాగితాలకి అంటించి ఉన్నాయి. ప్రతిదాని మీదా ఒకే పేరు కింద ఎర్ర గీత. సోడియం లారిల్ సల్ఫేట్.

గిలకలదిండిలో వాళ్ళ వీధికి సుభాషిణిదే మొదటి డిగ్రీ. బియస్సీ కెమిస్ట్రీ. తల్లి పున్నమ్మ హార్బరులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని బందరు వీధుల్లో అమ్మి చదివించింది. ఇప్పుడు సుభాషిణి పెడనలో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్తోంది.

మూడేళ్ళ కిందట ఫోన్లో ఒక వీడియో వచ్చింది. పేస్టులో నురగ తెప్పించే మందూ, గచ్చు కడిగే మందూ ఒకటేనట. నోట్లోంచి ఒంట్లోకి ఇంకి క్యాన్సర్ తెస్తుందట. ఆ పేరు సుభాషిణి కాలేజీ ల్యాబులో సీసా మీద చూసింది. పేరు తెలుసు కాబట్టి మిగతాదీ నిజమే అనుకుంది.

ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న పేస్టూ, షాంపూలూ తీసుకెళ్ళి చెత్తబండిలో వేసింది. వీధిలో కనపడ్డ వాళ్ళందరికీ చెప్పింది. పక్కింటి సూరయ్య వల బాగుచేసుకుంటూ తలెత్తాడు.

"సముద్రం నిండా నురగే కదమ్మాయ్. దాన్ని కూడా బండికెత్తిస్తావా?"

అందరూ నవ్వారు. పున్నమ్మ నవ్వలేదు.

"మా అమ్మాయి చదువుకుని చెప్తంది. నువ్వేం చదువుకుని నవ్వుతున్నావ్ బావా?" అని సూరయ్య నోరు మూయించింది.

లోపలికొచ్చాక మాత్రం కూతుర్ని మెల్లిగా అడిగింది.

"మరి నా ఒట్టో?"

సుభాషిణి ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూల్లో పళ్ళ డాక్టర్లు క్యాంపు పెట్టారు. పిల్లలకి తలో బ్రష్షూ, పేస్టూ ఇచ్చారు. సుభాషిణి తనవి తల్లికి తెచ్చిచ్చింది. "ఇకనించి దీంతోనే తోముకోవాలి. ఇంక దేంతోనూ తోమనని నా మీద ఒట్టెయ్," అంది. పున్నమ్మ చేపల చెయ్యి సబ్బుతో కడుక్కుని మరీ కూతురి తల మీద పెట్టింది. మొదట్లో ఉమ్మడం తెలీక నురగ మింగేసేది. తర్వాత అలవాటైంది. ఒక్క పూట తప్పలేదు.

ఆ ఒట్టు అంత పట్టుగా గుర్తుపెట్టుకున్నందుకు సుభాషిణికి నవ్వొచ్చింది.

"తీసి గట్టు మీద పెట్టెయ్యమ్మా."

"నిజంగానా? నీకేం కాదుగా?"

"ఏం కాదు. పెట్టెయ్. ఉప్పుతో తోముకో, వేపపుల్లతో తోముకో, నీ ఇష్టం. నురగ మాత్రం వద్దు."

పున్నమ్మ తెల్లారగట్ల నాలుగింటికే హార్బరుకి వెళ్ళిపోతుంది. మొహం కడుక్కోవడం కూడా అక్కడి పంపు దగ్గరే. సుభాషిణి చిన్నప్పటి నుంచీ అంతే. కూతురు లేచేసరికి తల్లి ఇంట్లో ఉండదు. పెదవి లోపల పుండు సంగతి కూడా, పులుసు మండిందని పున్నమ్మ కంచం పక్కకి జరిపిన రోజు దాకా సుభాషిణికి తెలియలేదు.

పేస్టు మానేసిన సంగతంతా విని, డాక్టర్ అట్టలన్నీ చూసి ఫైలు మూసింది.

"ఈ మందు కొందరికి నోరు మండిస్తుంది. నోట్లో పొక్కులొచ్చే వాళ్ళకి పడకపోవచ్చు. అంతవరకే. దీనివల్ల క్యాన్సర్ వస్తుందని ఎక్కడా తేలలేదమ్మా."

"మరి దేనివల్ల వచ్చిందండీ? అమ్మకి పొగాకు, వక్క లాంటి ఏ అలవాటూ లేదు. పోయినసారి మీ ఫారంలో అన్నీ నేనే రాసిచ్చాను కదండీ."

అదీ నిజమే. పోయినసారి పున్నమ్మ నోరు తెరిచింది పుండు చూపించడానికే. అడిగిన ప్రతిదానికీ కూతురే జవాబు చెప్పింది.

డాక్టర్ తన కుర్చీని పున్నమ్మ వైపు తిప్పుకుంది.

"నువ్వు చెప్పమ్మా. పేస్టు మానేశాక దేంతో తోముకుంటున్నావు?"

పున్నమ్మ కూతురి మొహంలోకి చూసింది, చెప్పనా అన్నట్టు. సుభాషిణి తలూపింది. పున్నమ్మ రొండిన దోపుకున్న చిన్న రేకు డబ్బా తీసి ఫైలు మీద పెట్టింది.

"అమ్మాయి తల మీద చెయ్యేశాక తొమ్మిదేళ్ళు దీని మూత తియ్యలేదండి, తనే ఒట్టు గట్టు మీద పెట్టెయ్యమన్నాకే మళ్ళీ ఈ ముక్కుపొడితో తోముకుంటన్నాను."